ముగ్గురు నటులు, ఒక వ్యాను, పదహారు మంది ఖైదీలు: ఒక ఊరూరి నాటకం కేస్ స్టడీ

నా ప్రాంప్ట్ బుక్‌లో (స్టేజ్ మేనేజర్ దగ్గరుండే స్క్రిప్టు ప్రతిలో) 41వ పేజీ అంచున పెన్సిల్‌తో గీసుకున్న చిన్న పట్టిక ఉంది. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో హాల్లో ఎంతమంది ఉన్నారో, మూడో గడిలో సెకన్లు. 6, 7, 4, 11, 9. సైనికాధికారి వేషంలో ఉన్న నటుడు "తుపాకులతో కాల్చి మరణశిక్ష" అని చదివాక, తర్వాతి మాట పలికేదాకా ఎంతసేపు ఆగాడన్న లెక్క అది. నాటకానికి ఆయువుపట్టు ఆ ఆగడమే. అందుకని ప్రతి ప్రదర్శనకూ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేవాణ్ణి.

నేను తెనాలివాణ్ణి. పరిషత్తు నాటకాలకు తెర లాగడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు లీడ్స్‌లో ఉంటూ చిన్న బృందాలకు స్టేజ్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. చిన్న బృందంలో స్టేజ్ మేనేజర్ అంటే వ్యాను తోలేదీ, లైట్లు కట్టేదీ, వాటిని ఆడించేదీ, కోటు గుండీ ఊడితే కుట్టేదీ ఒక్కడే. ఈ నాటకం మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరబోమని తెగేసి చెప్పిన ఇంగ్లండ్ సోషలిస్టుల గురించి. ఇద్దరు నటులు, ఒక నటి, ఎనభై నిమిషాలు, మధ్యలో విరామం లేదు. యార్క్‌షైర్ చుట్టుపక్కల పల్లె హాళ్ళలో, క్లబ్బుల్లో, ఒకట్రెండు చర్చిల్లో ఆడాం. మొదటి ఆరు ప్రదర్శనలు సరిగా నడవలేదు. ఎందుకు నడవలేదు, ఏం మార్చాం అన్నదే ఇక్కడ రాస్తున్నాను. రాజకీయ నాటకం భుజానేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళకు పనికొస్తుందని నా ఆశ.

చట్టంలోని మెలిక

1916 దాకా బ్రిటన్ సైన్యంలో ఉన్నది ఇష్టపడి చేరినవాళ్ళే. ఆ ఏడు జనవరిలో పార్లమెంటు మిలిటరీ సర్వీస్ యాక్ట్ తెచ్చింది. మార్చి 2 నుంచి 18కీ 41కీ మధ్య వయసున్న పెళ్ళికాని మగవాళ్ళంతా సైన్యంలో చేరిపోయినట్టే లెక్క. మే నెలలో పెళ్ళయినవాళ్ళనూ కలిపేశారు. ఆ "చేరిపోయినట్టే లెక్క" అన్నచోటే అసలు మెలిక. రానని ఇంట్లో కూర్చుంటే, సెలవు పెట్టకుండా పోయిన సిపాయి కింద పోలీసులు పట్టుకెళ్ళి సైన్యానికి అప్పజెప్పేవారు. యూనిఫాం వేసుకోనంటే ఆజ్ఞాధిక్కారం, దానికి కోర్టు మార్షల్. ఇంగ్లండ్‌లో ఉన్నంతవరకూ అది జైలుతో పోయేది. ఫ్రాన్స్‌కు, అంటే యుద్ధరంగానికి పంపాక అదే నేరానికి మరణశిక్ష వేయొచ్చు.

మనస్సాక్షి ఒప్పనివాళ్ళకు మినహాయింపు ఇవ్వొచ్చన్న క్లాజు కూడా ఆ చట్టంలో ఉంది. ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఊరూరా ట్రిబ్యునళ్ళు పెట్టారు. కౌన్సిలర్లు, వ్యాపారులు, కార్మికుల తరఫున ఒకరు, పక్కన సైన్యం ప్రతినిధి. క్లాజులో మతం అన్న మాటే లేదు. అయినా క్వేకర్, అంటే యుద్ధమే తప్పనే క్రైస్తవ శాఖవాడు, వచ్చి బైబిల్ వాక్యం చెబితే వాళ్ళకు కొంత అర్థమయ్యేది. సోషలిస్టు వచ్చి "జర్మనీ కార్మికుడితో నాకేం తగాదా లేదు" అంటే, అది రాజకీయం, మనస్సాక్షి కాదు అని తోసేసేవారు. యుద్ధం ముగిసేసరికి నిరాకరించినవాళ్ళు దాదాపు 16,000 మందని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత పేరుపేరునా లెక్క తీసినవాళ్ళు 20,000 దాకా ఉంటారంటున్నారు. వీళ్ళలో ఆరువేల మందికి పైగా జైలుకెళ్ళారు. జనం వీళ్ళను, "కాన్షియన్షస్ అబ్జెక్టర్" (మనస్సాక్షి ఒప్పక నిరాకరించినవాడు) అన్న మాటను కుదించి, "కాంచీ"లని తిట్టేవారు.

వీళ్ళకు అండగా నిలిచింది నో కన్‌స్క్రిప్షన్ ఫెలోషిప్. 1914 నవంబరులో, నిర్బంధ సైనిక సేవ రాకముందే పుట్టింది. పెట్టినవాడు ఫెన్నర్ బ్రాక్‌వే, కలకత్తాలో పుట్టినవాడు. ఆలోచన మాత్రం ఆయన భార్య లిల్లాది. సంఘానికి మొదటి ఆఫీసు వాళ్ళ ఇల్లే. ఈ సంగతి మా నాటకం మొదటి ప్రతిలో లేదు. నటి చదివి వచ్చి పట్టుబడితే చేరింది.

మొదటి ఆరు ఊళ్ళు

రచయిత, దర్శకుడు ఒకరే. మంచి చదువరి. స్క్రిప్టులో ఒక్క తప్పుడు తేదీ లేదు. కానీ మా కుర్ర సోషలిస్టు ఎక్కడ నోరు విప్పినా ఉపన్యాసమే. ట్రిబ్యునల్ రంగంలో ఛైర్మన్ తాగుబోతు, సైన్యం ప్రతినిధి మూర్ఖుడు. జనం నవ్వేవారు. నవ్వినప్పుడు మాకూ బాగానే ఉండేది. కానీ ఆ రంగం దాటిన పది నిమిషాలకు కుర్చీలు కిర్రుమనడం మొదలయ్యేది. పల్లె హాల్లో ప్లాస్టిక్ కుర్చీ అబద్ధం చెప్పదు. జనానికి ఎప్పుడు విసుగొచ్చిందో లైటింగ్ బోర్డు దగ్గర కూర్చుని సరిగ్గా చెప్పొచ్చు.

నాలుగో ఊళ్ళో ఒక పెద్దావిడ కప్పులు సర్దుతూ నాతో, "బాగుంది నాయనా, కానీ నాటకానికి వచ్చినట్టు లేదు, మీటింగుకి వచ్చినట్టుంది" అంది. దర్శకుడికి చెప్పాను. ఆయనకు నచ్చలేదు.

ఆ ఆదివారం తెనాలిలో మా మాస్టారికి ఫోన్ చేశాను. నన్ను స్టేజీ ఎక్కించింది ఆయనే. ఎనభై దాటాయి. కథంతా విని, "ఒరేయ్, ఆ ఛైర్మన్ ఏం పని చేస్తాడ్రా?" అని అడిగారు.

"ట్రిబ్యునల్ ఛైర్మన్ కదా మాస్టారూ."

"అది కుర్చీరా. మనిషి పని అడుగుతున్నా. పొద్దున లేచి ఏం చేస్తాడు? వాడి కొడుకు ఎక్కడున్నాడు?"

నాకు తెలీదు. రాసినాయనకూ తెలీదు. "విచారణ చేసేవాడు బొమ్మయితే ముద్దాయీ బొమ్మే అవుతాడు. ఎదుటివాడికి మంచి డైలాగు ఇవ్వండ్రా" అని పెట్టేశారు.

దర్శకుడు దీనికి ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆయన భయం న్యాయమైనదే. యుద్ధాన్ని సమర్థించేవాడికి మంచి మాటలిస్తే జనం అటు మొగ్గితే? మొగ్గనీ అన్నది నటి. నేను మధ్యలో కూర్చుని టీ కలిపాను.

ట్రిబ్యునల్ రంగం తిరిగి రాయడం

కొత్త ప్రతిలో ఛైర్మన్ కిరాణా వ్యాపారి. మర్యాదస్తుడు. ఆ రోజు ఇంకా ముప్పై కేసులు చూడాలి. అందుకే తొందర. అతని పక్కన కార్మికుల ప్రతినిధిని కొత్తగా కూర్చోబెట్టాం. ఇది కల్పించుకున్న సౌకర్యం కాదు. అప్పటి సోషలిస్టులంతా ఒక్క గట్టున లేరు. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ యుద్ధాన్ని వ్యతిరేకించింది. లేబర్ పార్టీ నాయకత్వం ప్రభుత్వంలోనే చేరింది. యుద్ధానికి ఒప్పుకోని రామ్సే మెక్‌డొనాల్డ్ యుద్ధం మొదలైన నెలలోనే ఆ పార్టీ నాయకత్వం వదులుకున్నాడు. హైండ్‌మన్ లాంటి పాతకాపు మార్క్సిస్టు యుద్ధం పక్షాన నిలిచాడు. కాబట్టి మా కుర్రాణ్ణి గుచ్చి అడగవలసింది సైన్యం మనిషి కాదు, వాడి యూనియన్ మనిషే. ఆయన కొడుకు అప్పటికే ఫ్రాన్స్‌లో ఉన్నాడు.

ఆ ప్రశ్నలు ఇలా నడుస్తాయి:

"సమ్మె చేశావుగా నువ్వు?"

"చేశాను."

"సమ్మె మధ్యలో ఒకడు పనిలోకి పోతే ఏమంటాం వాణ్ణి?"

కుర్రాడు మాట్లాడడు.

"మా వాడు అక్కడ బురదలో ఉన్నాడు. వాడూ కార్మికుడే. వాడి పక్కన చోటు ఖాళీగా ఉంది. దాన్నేమనాలి?"

ఇక్కడ హాల్లో గాలి మారిపోయేది. తర్వాత ఛైర్మన్ వేసే ప్రశ్న అసలైన ఉచ్చు. రేపు విప్లవం వస్తే తుపాకీ పడతావా? క్వేకర్ అయితే పట్టనంటాడు, అక్కడితో సరి. సోషలిస్టు నిజాయితీపరుడైతే "అప్పుడు ఆలోచిస్తాను" అనాలి. "అయితే చంపడానికి అభ్యంతరం లేదన్నమాట" అని ఛైర్మన్ రాసుకుంటాడు. దరఖాస్తు కొట్టివేత. ఛైర్మన్ తర్కంలో తప్పు పట్టడం కష్టం. కుర్రాడూ అబద్ధం చెప్పలేదు. మొదటి ప్రతిలో మూడు పేజీల ఉపన్యాసం చేయలేని పని ఈ ఒక్క జవాబు చేసింది.

ఇంకో మాట. ట్రిబ్యునళ్ళలో మామూలుగా అడిగే ప్రశ్న ఒకటుంది: జర్మన్ సిపాయి నీ చెల్లెలి మీద పడితే ఏం చేస్తావు? రచయిత లిటన్ స్ట్రేచీ 1916లో హాంప్‌స్టెడ్ ట్రిబ్యునల్ ముందు, ఇద్దరి మధ్యా నా దేహాన్ని అడ్డం పెడతానని చెప్పిన జవాబు ఈనాటికీ నవ్విస్తుంది. మా నాటకంలోనూ ఉండేది. చప్పట్లు ఖాయం. తీసేశాం. అది లండన్ రచయిత చమత్కారం. మిల్లు కుర్రాడి నోట్లో పైనుంచి అతికించినట్టే ఉండేది. తీసేసినందుకు ఒక నటుడు నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ముగ్గురితో ఇంతమందిని ఎలా ఆడించారని అడుగుతుంటారు. దీనికి నా దగ్గర బుర్రకథ ఉంది. కథకుడు కథ నడుపుతాడు, హాస్య వంత నవ్విస్తూ అడ్డం పడతాడు, రాజకీయ వంత సంగతి ఇప్పటికి ముడిపెడతాడు. ముగ్గురూ వేషం మార్చకుండానే ఎవరైనా అయిపోతారు. రిహార్సల్లో ఫోన్‌లో వీడియో చూపించాను. దర్శకుడు "ఇది ముందే చెప్పాల్సింది" అన్నాడు. తంబురా, గుమ్మెటలు అక్కడికి మోసుకెళ్ళలేదు లెండి. తీసుకున్నది మాట అందుకునే పద్ధతి. ఒకరు చెప్తున్న వాక్యం మధ్యలో ఇంకొకరు అందుకుని ఇంకో మనిషై పూర్తిచేయడం. టోపీలు మార్చడానికి పోయే సమయం మొత్తంగా ఆరేడు నిమిషాలు మిగిలింది.

గోడ, తాడు

నాటకం మధ్యభాగం రిచ్‌మండ్ కోటలో జరుగుతుంది. నార్త్ యార్క్‌షైర్‌లో ఉన్న ఆ కోట 1916లో నాన్ కాంబాటెంట్ కోర్‌కు స్థావరం. ఆయుధం పట్టనివాళ్ళతో మోతపనులు చేయించడానికి పెట్టిన దళం అది. "నో కరేజ్ కోర్" అని ఎగతాళి చేసేవారు. ఆ పని కూడా చేయబోమన్నవాళ్ళను కోటలోని చిన్న కొట్లలో పడేశారు. కొట్ల సున్నపు గోడల మీద వాళ్ళు పెన్సిల్‌తో రాసిన రాతలు, బొమ్మలు ఇంకా ఉన్నాయి. సున్నం పెచ్చులూడుతుంటే కాపాడటానికి నానా తంటాలు పడుతున్నారు. కీర్తన పంక్తులున్నాయి, ప్రియురాలి ముఖం ఉంది. ఒక సోషలిస్టు రాసింది ఒకటుంది: పోరాడదగ్గ యుద్ధం వర్గయుద్ధం ఒక్కటే, ఈ దేశపు శ్రామికులకు జర్మనీ శ్రామికులతో ఏ తగాదా లేదు.

దీన్ని స్టేజీ మీద ఎలా చూపాలి? మొదట ప్రొజెక్టర్ పెట్టాం. యార్క్‌షైర్‌లో జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే. పల్లె హాల్లో కిటికీలకు పల్చటి పరదాలు. తెర మీద ఏమీ కనబడలేదు. తర్వాత సున్నం కొట్టిన పలక ఒకటి చేయించి, నటుడి చేత నిజంగా పెన్సిల్‌తోనే రాయించాం. మూడో వరసకి కూడా కనపడదు. దర్శకుడు బొగ్గు వాడదామన్నాడు. నేను వద్దన్నాను. కనపడనిదాన్ని ఒక మనిషి మనకు వీపు పెట్టి శ్రద్ధగా రాస్తుంటే జనం మెడలు చాచి చూసేవారు. నాటకం అయ్యాక కోట్లు తొడుక్కుంటూ పలక దగ్గరికి వచ్చి చదివేవారు. కొన్ని ఊళ్ళలో క్యూ కట్టారు. మరుసటి రోజుకి మళ్ళీ సున్నం కొట్టుకోవడం నా పని.

ఫీల్డ్ పనిష్‌మెంట్ నంబర్ వన్ దగ్గర అంత తేలిగ్గా బయటపడలేదు. మనిషిని బండి చక్రానికో గుంజకో కట్టేసి నిలబెట్టడం ఆ శిక్ష. మేం చెక్క ఫ్రేము చేయించి చేతులు చాపి కట్టేవాళ్ళం. వెనక నుంచి లైటు. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. పోస్టరు మీదకీ ఎక్కింది. ఆరో ప్రదర్శన తర్వాత నటి అంది: "ఇది శిలువ. మనం రెండు గంటలు సోషలిస్టు అని చెప్పి చివరికి ఏసుక్రీస్తుని చూపిస్తున్నాం." (ఎనభై నిమిషాల నాటకమే, కోపంలో రెండు గంటలంది.) నిజమే. ఆ బొమ్మ పడగానే కుర్రాడి వాదనంతా మాయమై, బాధ ఒక్కటే మిగిలేది. జాలిపడిన జనం వాడితో వాదించడం మానేసేవారు.

ఫ్రేము వ్యానులోనే ఉండిపోయింది. ఇప్పుడు ఒక నటుడు సైనిక నిబంధన పైకి చదువుతాడు: రోజుకు రెండు గంటలకు మించకూడదు, నాలుగు రోజుల్లో మూడు రోజులకు మించకూడదు, మొత్తం ఇరవై ఒక్క రోజులు. నటి ఒక ఖాళీ కుర్చీకి తాడు కడుతుంది, ముళ్ళు వేసి, బిగించి, సరిచూసి. కుర్రాడు పక్కన నిలబడి చూస్తుంటాడు. పోస్టరు మాత్రం మార్చలేకపోయాం, అప్పటికే అచ్చయిపోయింది.

ఆగడం

1916 మే 29న రిచ్‌మండ్ నుంచి పదహారు మందిని రైలెక్కించి ఫ్రాన్స్‌కు పంపారు. వీళ్ళలో మెథడిస్టులు ఉన్నారు, బైబిల్ స్టూడెంట్లు (యెహోవాసాక్షులకు ముందుతరం) ఉన్నారు, సోషలిస్టులు ఉన్నారు. బూలోన్ దగ్గర శిబిరంలో ఆజ్ఞ ఇచ్చారు, పాటించలేదు. జూన్‌లో కోర్టు మార్షల్. సైనికులను వరసగా నిలబెట్టి వాళ్ళ ముందు శిక్ష చదివారు. ఇతర చోట్ల నుంచి తెచ్చినవాళ్ళతో కలిపి అలా విన్నవాళ్ళు మొత్తం 35 మంది. కాల్చి మరణశిక్ష. ఆగడం. సర్వసేనాని హేగ్ ధ్రువీకరించారు. మళ్ళీ ఆగడం. పదేళ్ళ కఠిన కారాగారంగా మార్చడమైనది.

ఆ ఆగడం ఎంతసేపు? నాలుగు సెకన్లయితే జనానికి అది కామా. ఆరు, ఏడు దగ్గర ఊపిరి బిగబడుతుంది. పదకొండు పట్టిన రోజు, ముందు వరసలో ఒకాయన నటుడు డైలాగు మరిచిపోయాడనుకుని జాలిగా నా వైపు తిరిగి చూశాడు. మా అనుభవంలో తొమ్మిది సరైన కొలత. ఎనభై మందికి మించి ఉంటే ఎనిమిది. హాల్లో టీ బాయిలర్ ఉంటే ముందే స్విచ్ కట్టేయాలి. ఒక ఊళ్ళో సరిగ్గా అప్పుడే మరిగి క్లిక్కుమంది. మరణశిక్ష మీద నవ్వు. అప్పటినుంచి నా చెక్‌లిస్టులో అగ్నిమాపక ద్వారాల కన్నా పైన బాయిలర్ ఉంటుంది.

చదివేవాడు కుర్రాడి వైపు చూడాలా, కాగితం వైపా అన్నది ఇంకో తగాదా. చూస్తే విలన్ అయిపోతున్నాడు. కాగితం వైపే చూడమన్నాం. పని ముగించుకుని భోజనానికి పోవాలనుకునే మనిషిలా.

ఆల్ఫ్రెడ్ మార్ట్‌లూ

పదహారు మందిలో మా కథానాయకుడికి ఆధారం ఇతనే. యార్క్‌లో రౌంట్రీ చాక్లెట్ ఫ్యాక్టరీలో క్లర్కు, ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యుడు. శిక్ష మారాక ప్రభుత్వం హోమ్ ఆఫీస్ స్కీమ్ అని ఒకటి పెట్టింది. జైల్లో ఉండకుండా క్యాంపుల్లో రాళ్ళు కొట్టడం లాంటి పనులు. అబర్డీన్ దగ్గర డైస్ క్యాంపులో కారే డేరాల్లో ఉండి, స్టాక్‌పోర్ట్ కుర్రాడు వాల్టర్ రాబర్ట్స్ ఇరవై ఏళ్ళకే 1916 సెప్టెంబరులో చనిపోయాడు. మార్ట్‌లూ స్కీముకు ఒప్పుకున్నాడు, 1917లో వదిలేసి యార్క్ వెళ్ళాడు. పెళ్ళి చేసుకోవలసిన అమ్మాయిని కలిసి తన డబ్బూ వాచీ ఇచ్చాడు, లొంగిపోతానన్నాడు. తర్వాత ఊజ్ నదిలో శవం దొరికింది.

మొదటి ప్రతిలో దీనికి ఒక స్వగతం, వయొలిన్. తీసేశాం. ఆ రోజు అతని మనసులో ఏముందో మనకు తెలీదు, తెలిసినట్టు రాయడం నాకు దొంగతనంలా అనిపించింది. ఇప్పుడు నటి వాచీ చేతిలో పట్టుకుని ఈ సంగతులే వరసగా చెప్పి, వంటగది తలుపులోంచి వెళ్ళిపోతుంది. చీకటి చేయడానికి కిటికీలు ఒప్పుకోవు. కాబట్టి ఆ వెలుతురులోనే, జనం మధ్యనుంచే నడవాలి.

సరిపోయిందా? నాకింకా అనుమానమే. మార్ట్‌లూ తర్వాత పావుగంట నాటకం ఉంది. నో కన్‌స్క్రిప్షన్ ఫెలోషిప్ వాళ్ళ పత్రిక ది ట్రిబ్యునల్‌ను రహస్యంగా అచ్చేసిన ఆడవాళ్ళు, ప్రింటరు పేరు చెప్పనందుకు 1918లో జైలుకెళ్ళిన వయొలెట్ టిల్లార్డ్, ఆ ఏడాది చట్టం కాంచీలకు ఐదేళ్ళపాటు ఓటు తీసేయడం, అన్నీ అందులోనే. ఆడవాళ్ళ భాగం నిజానికి వేరే నాటకం కావాలి. పావుగంటలో కుక్కాం. అది ఈ ప్రొడక్షన్‌లో మిగిలిన లోపం. దిద్దలేదు.

ప్రదర్శన తర్వాత మాటామంతీ పెట్టేవాళ్ళం. "మీవాళ్ళు ఈ యుద్ధంలో ఏం చేశారు?" అని నన్ను తరచూ అడిగేవారు. మా అమ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర. అక్కడికి కాస్త దూరంలోనే మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. ఇంటికో సిపాయి ఉన్నాడని గర్వపడే ఊరు, మొదటి ప్రపంచయుద్ధం నుంచీ. ఆ మాట చెప్పి, ట్రిబ్యునల్ రంగంలో నాకు ఎక్కువ దగ్గరగా అనిపించేది ఆ యూనియన్ ముసలాయనేనని చెప్పేవాణ్ణి. దర్శకుడు మొదట్లో ముఖం ముడుచుకున్నాడు. తర్వాత తర్వాత ఆయనే నన్ను అడిగి చెప్పించేవాడు.

ఆఖరి ప్రదర్శన ఒక చిన్న పల్లెలో. అరవై మంది దాకా వచ్చారు. గోడ మీద రెండు యుద్ధాల్లో పోయిన ఆ ఊరివాళ్ళ పేర్ల పలక ఉంది. మేం దాన్ని కప్పలేదు. బాయిలర్ కట్టేశాను. శిక్ష చదవడం మొదలైంది. "మరణశిక్ష" అన్నాక స్టాప్‌వాచ్ నొక్కాను. మూడో నాలుగో సెకన్ దగ్గర వెనక వరసలోంచి ఒక మగగొంతు, గట్టిగా కాదు, "షేమ్" అంది. నటుడు తల ఎత్తలేదు. నేను వాచీ ఆపడం మరిచిపోయాను. ఆ మాటన్నదెవరో తెలీదు. నాటకం అయ్యేసరికి వెనక వరస సగం ఖాళీ.

లీడ్స్ దాకా వ్యానులో అదే గొడవ. సైన్యాన్ని అన్నాడని దర్శకుడు, కుర్రాణ్ణి అన్నాడని నటి. ఆఫీసరు వేసినవాడు మాత్రం తననే అన్నాడని, తొందరగా చదివేశానని మొత్తుకున్నాడు. 41వ పేజీలో ఆ రోజు గడి ఖాళీగానే ఉంది.